సంక్రాంతి పెట్టెలో పండుగ ఎంత?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

నమస్కారమండీ. డిసెంబరు సగం గడిచిందో లేదో, మా వీధి మిఠాయి దుకాణంలో గాలిపటం బొమ్మ వేసిన 'సంక్రాంతి స్పెషల్' పెట్టెలు పేర్చేశారు. వినాయక చవితికి చాక్లెట్ మోదకాల పెట్టె, దీపావళికి ప్రమిద బొమ్మ పెట్టె, ఇప్పుడు ఇది. మూత మీద బొమ్మ మారుతోంది గానీ, లోపలివి దాదాపు అవే చాక్లెట్ ముక్కలు, అవే జీడిపప్పు బిళ్ళలు. పండుగ బొమ్మ గీయమని బడిలో చెబితే, మా ఏడేళ్ళ పాప రిబ్బను కట్టిన పెట్టెను గీసుకొచ్చింది. అది చూసినప్పటి నుంచి నాకు మనసు కుదుటపడలేదు. ఇది నా ఛాందసమేనా, లేక నిజంగానే మనం ఏదైనా పోగొట్టుకుంటున్నామా?

జవాబు (ఆత్రేయపురం దగ్గరి పల్లె నుంచి)

మీ బాధ అర్థమైందండీ, కానీ కొత్త రుచులన్నిటినీ ఒకే గాటన కట్టకండి. నేను పూతరేకులు చేసి అమ్ముతాను. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలుచని పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద లాగితే క్షణంలో రేకు తేలుతుంది. ఆ చేతివాటం రావడానికి నాకు ఏడాది పట్టింది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చాక్లెట్ పొడి చల్లినా, బెల్లం తురుము చల్లినా రేకు తీసే పని మాదే. చాక్లెట్ రకం అడిగేవాళ్ళ వల్ల మా ఇంట్లో ఇద్దరికి పని దొరికింది.

జవాబు (తెనాలి నుంచి)

పూతరేకులను ఏ శుభకార్యానికైనా చేసుకుంటాం కాబట్టి పై సోదరి మాట నిజమే. అరిసె సంగతి వేరు. కొత్త ధాన్యం ఇంటికి చేరి, కొత్త బెల్లం మార్కెట్టుకు వచ్చే రోజుల్లో సంక్రాంతి వస్తుంది గనుకనే అరిసె ఆ పండుగ వంట అయింది. బియ్యం రాత్రంతా నానబెట్టి, వడగట్టి, తడి ఆరకముందే పిండి కొట్టించి జల్లించాలి; పాకం చుక్కను నీళ్ళలో వేస్తే మెత్తని ఉండ కట్టాలి; ఆపైన ఒకరు పిండి పోస్తుంటే మరొకరు ఉండలు కట్టకుండా తెడ్డు తిప్పాలి. ఒంటి చేత్తో అయ్యే పని కాదు కనుక పక్కింటివాళ్ళను పిలిచేవాళ్ళం, మర్నాడు వాళ్ళింటికి మనం వెళ్ళేవాళ్ళం. దుకాణంవాడు అరిసెను అమ్మగలడు గానీ ఆ పిలుపును అమ్మలేడు. నాకు అసలు కోపం తెప్పించేది కొత్త రుచి కాదు, ఏ పంటతోనూ ఏ రుతువుతోనూ సంబంధం లేని సరుకుకు పండుగ పేరు తగిలించడం.

జవాబు (డల్లాస్ నుంచి)

పార్సిల్ పెట్టె తప్ప గతిలేని మాలాంటివాళ్ళను తప్పుపట్టకండి. అయితే మేము కిందటేడు చలిమిడి మాత్రం ఇంట్లోనే చేశాం. పాకం ముదిరి కాస్త గట్టిపడినా, పిల్లలు గిన్నె అడుగు దాకా గీక్కుని తిన్నారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈసారి పెట్టె కొనడం లేదు. భోగికి నాలుగు రోజుల ముందు రెండు కిలోల బియ్యం నానబోస్తాను; పాకం చూడటానికి మా పిన్ని వస్తానంది, తెడ్డు తిప్పడానికి ఎదురు ఫ్లాటు వాళ్ళను పిలిచాను. పూతరేకులు మాత్రం పై సోదరి దగ్గరే తెప్పించుకుంటాను, బెల్లంవి. మా దగ్గరి పిండిమరలో తడి బియ్యం పట్టబోమంటున్నారు. కూకట్‌పల్లి చుట్టుపక్కల పట్టే మర ఎక్కడుందో తెలిస్తే దయచేసి చెప్పండి.