మూడు రంగుల పిల్లికి బెంగళూరులో మంచి ఇల్లు కావాలి, సాయం చేయగలరా?

అందరికీ నమస్కారం. మేం మారతహళ్లిలో ఉంటాం. జూన్‌లో ఒక వాన రాత్రి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్కూటర్ కింద నక్కి అరుస్తున్న పిల్లి పిల్లను పైకి తెచ్చాను. అరచేతిలో పట్టేంతే ఉంది, కళ్లు పుసులు కట్టి మూసుకుపోయాయి. గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి తుడుస్తూ, డాక్టరు ఇచ్చిన చుక్కలు వేస్తూ ఉంటే పది రోజులకు తెరిచింది.

ఇప్పుడు ఏడో నెల. తెలుపు, నలుపు, నారింజ కలిసిన ఆడపిల్లి (ఈ మూడు రంగులవి దాదాపు అన్నీ ఆడవే). ట్రైక్యాట్ (పిల్లులకు మూడు జబ్బులు రాకుండా వేసే టీకా) రెండు డోసులు, రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యాయి. లిట్టర్ బాక్స్ (ఇంట్లోనే మలమూత్రాలకు పెట్టే ఇసుక పెట్టె) అలవాటే. కొత్తవాళ్లను చూస్తే మంచం కిందికి దూరుతుంది. గంట ఆగితే తనే వచ్చి పాదాల మీద తల ఆనించి పడుకుంటుంది.

మేమే ఉంచుకునేవాళ్లం. కానీ మా బాబుకు ఆయాసం ఎక్కువైంది, పిల్లి వల్లే అలర్జీ అని తేలింది. అందుకే దాన్ని వేరే గదిలో పెట్టాం. తలుపు అవతల కూర్చుని పిలుస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటోంది.

బాల్కనీకి మెష్ ఉండాలి, ఇంటి ఓనర్ ఒప్పుకోవాలి, బయట వదలకూడదు. ఇంతే అడుగుతున్నాను. ఇల్లు చూసి ఇస్తానంటే ఒకరు నొచ్చుకుని వద్దన్నారు. అలా అడగడం తప్పా? అక్కడ కుదురుకోకపోతే తిరిగి మాకే ఇవ్వాలని కాగితం రాయించుకోవచ్చా? ఇలా పిల్లుల్ని దత్తత ఇచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. తీసుకుంటామంటే దాని బుట్ట, దుప్పటి నేనే తెచ్చిస్తాను.