గట్టు మీద నల్లజీడి చెట్టు: నరికించాలా, ఉంచాలా?

గట్టుచేను:
నమస్కారం. నిర్మల్ జిల్లాలో అడవి అంచున మాకు కొంత మెట్ట ఉంది. గట్టు మీద ఒక పెద్ద చెట్టు. వెడల్పాటి ఆకులు, కొస గుండ్రం, అడుగున బూడిదరంగు. కొమ్మల చివర నారింజ రంగు కండ, దాని కింద నిగనిగలాడే నల్ల గింజ. ఊళ్లో జీడిచెట్టు అంటున్నారు. పోయిన వారం కంచెకని దాని కొమ్మలు కొట్టిన కూలి మనిషికి ఆ పూట ఏమీ కాలేదు. మర్నాటి సాయంత్రానికి ముంజేతులు ఎర్రబడి నీటిపొక్కులు లేచాయి, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. ఆస్పత్రిలో చూపించాం, తగ్గుముఖం పట్టింది. కొట్టిన కొమ్మలు అక్కడే కుప్పగా ఉన్నాయి. వాటిని తగలబెట్టి చెట్టును మొదలంటా నరికించమని మా బావమరిది పట్టుబట్టాడు. మా అత్తయ్యేమో గింజలు మోకాళ్ల నొప్పికి మంచి మందని ఏరుతోంది. ఎవరి మాట వినాలి?

పాత బీట్ గార్డు:
ముందు ఆ కుప్ప దగ్గర అగ్గిపుల్ల గీయకండి. మిగతా సంగతులు తర్వాత.

అది నల్లజీడే, సందేహం లేదు. ఆదిలాబాద్ వైపు టేకు, మద్ది, తునికి పెరిగే ఆకురాల్చే అడవుల్లో నా ఉద్యోగమంతా గడిచింది, అక్కడ ఇది మామూలు చెట్టు. మామిడి, జీడిమామిడి, ఇది ఒకే కుటుంబం. పలాసలో జీడిపిక్కలు ఒలిచేవాళ్ల వేళ్లు ఎందుకు పొక్కుతాయో మీ కూలి మనిషి చేతులూ అందుకే పొక్కాయి. గింజను అడ్డంగా కోస్తే పెంకులో తేనెపట్టులా చిన్న చిన్న గదులు కనిపిస్తాయి. వాటి నిండా రసమే. లేత కాయలో తెల్లగా ఉండి గాలి తగలగానే నల్లబడుతుంది. బెరడు కొట్టినా కారుతుంది. చర్మం దాని మీద తిరగబడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కాబట్టి పని చేసేటప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు. అదే చేత్తో చెమట తుడుచుకుంటారు, కన్ను నలుపుకుంటారు. గొడ్డలి పిడి, తలగుడ్డ, కొమ్మలు లాగిన తాడు సబ్బుతో కడిగించారా? లేకపోతే రేపు వాటిని పట్టుకున్న మరొకరికి ఇదే గతి.

ఇక పొగ. కాలిస్తే ఆ రసం పొగలో కలిసి లేస్తుంది. ముఖమంతా వాస్తుంది, గొంతులోకి పోతే ఇంకా ప్రమాదం. నిండు చేతుల చొక్కా, చేతులకు తొడుగులు వేయించి, కొమ్మలను గోతిలో పూడ్పించండి. చెట్టు నరికితే ఇంతకు పదింతలు రసం చిమ్ముతుంది. పైగా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, సొంత పొలమైనా ముందు అటవీశాఖ వాళ్లను అడగాలి. నన్నడిగితే ఉంచండి, మొదలు చుట్టూ ముళ్లకంప వేసి ఊళ్లో చెప్పండి. పండిన ఆ నారింజ కండను ఆదివాసీలు గింజ తీసేసి ఎండబెట్టుకునో, నిప్పుల మీద కాల్చుకునో తింటారు. పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో హరేలీ పండుగనాడు రైతులు దీని కొమ్మనే తెచ్చి పొలంలో నాటుతారు. మీ బావమరిదికి పాపం ఇదంతా తెలియదు.

రేవుగట్టు:
మా అమ్మమ్మ కాలం దాకా, ఊరి బట్టలు ఉతికే మా ఇంట్లో గుర్తులు జీడిరసంతోనే. గింజకు సూది గుచ్చి, మొనకు అంటిన రసంతో అంచు లోపలివైపు చుక్కలు, గీతలు పెట్టేది. పైన తడి సున్నం అద్దితే బట్ట చిరిగేదాకా పోదు. రెండు చుక్కలూ ఒక అడ్డగీతా అంటే కరణంగారిల్లు, మూడు నిలువుగీతలంటే బడిపంతులుగారిల్లు. అక్షరం ముక్క రాని ఆవిడ దగ్గర ఊరి బట్టలు ఒక్కటి తారుమారైతే ఒట్టు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన దేశానికి వచ్చిన విదేశీ సైనికులకు సరిగ్గా ఈ గుర్తు ఒంటికి తగిలినచోటే పొక్కులు లేచేవి, వైద్య పత్రికల్లోకి కూడా ఎక్కింది. అమ్మమ్మ బొటనవేలి గోరు చుట్టూ చర్మం ఎప్పుడూ నల్లగా, గరుకుగా ఉండేది. పత్రికలవాళ్లకు ఆ వేలు కనిపించలేదు లెండి.

ఇంకో మాట. దిష్టికని పసిపిల్లల మొలతాడుకు జీడిగింజ కడుతుంటారు. చెమటకో, ఒత్తిడికో చిట్లిందంటే లేత చర్మం. గుమ్మానికి కట్టుకోండి చాలు.

మూలికల వైద్యురాలు:
అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి. అది మందే, కాదనను. భల్లాతకం పేరుతో కీళ్లనొప్పులకు, మొలలకు మేము వాడతాం. కానీ ఔషధ నియమావళి E(1) షెడ్యూలులో ఉమ్మెత్త, గన్నేరు, వత్సనాభి సరసన ఇదీ విషద్రవ్యంగా ఉంది. నీళ్లలో వేస్తే మునిగిన గింజలనే తీసుకుంటాం. ముచ్చిక కోసి, ఇటుక పొడి పోసిన గోనెసంచిలో వేసి రుద్దుతాం. పొడి నూనెను పీల్చుకుని ముద్దవుతుంది. ఆ తర్వాత వేడినీళ్లతో కడగడం. ఈ పని చేసేవాళ్లు మోచేతుల దాకా కొబ్బరినూనె పట్టించుకుంటారు, అయినా ఒక్కోసారి పొక్కుతుంది. వంటింట్లో దంచి మింగే వస్తువు కాదు. నోరు, గొంతు పుండవుతాయి. బెణికినచోట జీడి చుక్కలు పెట్టించుకుని, బెణుకు సంగతి మరిచిపోయి పుండుకు మందు కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లు ఏటా ఉంటారు.

గట్టుచేను:
అందరికీ ధన్యవాదాలు. కుప్ప కాల్చలేదు, గొయ్యి తవ్విస్తున్నాం. గొడ్డలి, తాడు కడిగించాం. బావమరిది ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. అత్తయ్య ఏరిన గింజలు మాత్రం ఊరగాయ జాడీల పక్కన సీసాలో ఉన్నాయి. వాటినేం చేయాలి?

పాత బీట్ గార్డు:
మూత తీయకుండా సీసాతో సహా ఆ గోతిలోనే పడేయండి. మీ అత్తయ్యగారు ఊళ్లో లేనప్పుడైతే మరీ మంచిది.