తుప్పు పట్టిన పాత కటానాకు మళ్లీ మెరుగు పెట్టించాలా, వద్దా?

కొలిమి: జపాన్‌లో మురొమాచి కాలపు, అంటే 14-16 శతాబ్దాల నాటి, కటానా అనే పొడవాటి ఒంపు కత్తి ఒకటి అనుకోండి. ఒంటినిండా ఎర్రతుప్పు, పదును వెంట ఉండాల్సిన తెల్లటి హామోన్, అంటే గట్టిపరిచిన అంచు చూపే గీత, సగం చోట్ల కనబడదు. నూనె రాసి వదిలేయమనే సలహా ఎక్కువగా వినిపిస్తోంది. అది తప్పు సలహా అంటాను. ఎర్రతుప్పు నూనె కింద కూడా తింటూనే పోతుంది.

సానరాయి: ఒప్పుకోను. ఇలాంటి కత్తుల్లో చాలావాటికి పైన గట్టి ఉక్కు పొర, లోపల మెత్తటి ఇనుము. సాన పట్టిన ప్రతిసారీ పై పొర కొంత పోతుంది. అది అయిపోయినచోట మెత్తటి ఇనుము బయటపడి, ఉక్కు మడతల నమూనా లేని మచ్చగా మిగులుతుంది. దాన్ని తిరిగి అతికించే విద్య లేదు. ముందు హబాకి, అంటే పిడి దగ్గరి లోహపు పట్టీ, తీసి చూడండి. కొత్త కత్తికి అక్కడ కొద్దిమేర పదును పెట్టకుండా వదిలేస్తారు. ఆ మొద్దు భాగం ఇంకా ఉంటే ఉక్కు మిగిలే ఉంది. పదును పిడి మొదట్లోని గాడి దాకా వచ్చేసిందంటే ఇప్పటికే చాలాసార్లు అరిగింది.

కొలిమి: ఆ పరీక్ష సరైనదే సానరాయి గారూ. కానీ ఇంకో లెక్కుంది. తుప్పు గుంట పడ్డచోట మాత్రమే గీకితే కత్తి రూపం చెడుతుంది. అందుకని గుంట అడుగుదాకా మొత్తం తలాన్నే దించాలి. గుంట ఎంత లోతైతే కత్తి మొత్తం అంత అరుగుతుంది. ఆలస్యం చేస్తే ఉక్కు మిగలదండీ, ఇంకా పోతుంది.

పాతఇనుము: ఇద్దరూ అసలు మెట్టు దాటేశారు. ముందు హగిరే ఉందేమో చూడాలి. గదిలో ఒకే దీపం ఉంచి, కత్తిని మెల్లగా తిప్పుతూ పదును వెంట చూడండి. హామోన్‌కు అడ్డంగా వెంట్రుకంత నల్లగీత కనిపిస్తే అది పగులు. సానతో పోదు. అలాంటిదానికి పూర్తి మెరుగు ఖర్చు దండగ. పగులు లేకపోతే పనివాడితో రెండు మూడు సెంటీమీటర్ల మేర మాత్రమే మెరుగు పెట్టించి, హామోన్ బతికుందో లేదో చూశాకే మిగతాది.

సానరాయి: దీనికి సరే. కానీ ఇంట్లో గరుకు కాగితం ముట్టుకోవద్దని దండం పెట్టి చెబుతున్నా. అది షినొగిని, అంటే కత్తి పక్కల మీద పొడవునా నడిచే గట్టుగీతను, గుండ్రం చేసేస్తుంది. మళ్లీ ఆ గీత తేల్చడానికి పనివాడు రెండు వైపులా ఉక్కు తీయాల్సి వస్తుంది. యాసిడ్ కూడా వద్దు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో కరిగించి చేసిన ఉక్కు వేరు, అలాంటి ఉక్కు కత్తుల మీద అలలు తేలాలంటే యాసిడ్ పూత కావాలి. ఇక్కడ హామోన్‌లోని సన్నటి మెరుపు గింజలు కనబడేది క్యోటో దగ్గర దొరికే ఉచిగుమోరి రాతితోనే. యాసిడ్ ఇచ్చేది చదునైన తెలుపు.

పాతఇనుము: నకాగో, అంటే పిడిలో దాగే తోక, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. అక్కడి నల్లటి తుప్పు రంగు, ఆకురాయి గీతలు చూసే వయసు, శాఖ తేలుస్తారు. తోమితే ఆ సాక్ష్యం పోతుంది.

కొలిమి: నిజం. ఇంకొకటి, మెరుగు పెట్టించిన కత్తిని పాత ఒరలో దోపకండి. లోపల చేరిన తుప్పు రేణువులు మొదటిసారికే గీతలు పెడతాయి. హోనోకి అనే జపాన్ చెట్టు కర్రతో కొత్త ఒర చేయించాలి. దాన్ని అన్నం మెతుకుల జిగురుతో అతికిస్తారు కాబట్టి ఎప్పుడైనా విడదీసి లోపల శుభ్రం చేయొచ్చు. ఆ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.