అప్‌డేట్: చివరికి బ్లాక్‌వ్యూ ఫోనే తీసుకున్నా

దుబాయ్‌లో సైట్ పనికి బ్లాక్‌వ్యూ బీవీ4900 ప్రో మేలా, యూలెఫోన్ ఆర్మర్ ఎక్స్7 ప్రో మేలా అని పోయిన నెల అడిగాను కదా. సలహా ఇచ్చిన అన్నలందరికీ థ్యాంక్స్.

రెండింటికీ ఐపీ68 (దుమ్ము, నీళ్లు తట్టుకునే రేటింగ్) ఉంది, ర్యామ్ కూడా 4 జీబీయే. నన్ను ఇటు లాగింది బ్యాటరీ: దీనికి 5,580 ఎంఏహెచ్, దానికి 4,000. స్టోరేజీ కూడా దానికి 32 జీబీ, దీనికి 64. ఊళ్లో పెళ్లి వీడియోలు వాట్సాప్‌లో వస్తే 32 ఏ మూలకు!

5 అంగుళాల యూలెఫోన్ అయితే జేబులో హాయిగా ఇమిడేది, ఇది కాస్త బరువే. సిమెంటు దుమ్ము పడితే సాయంత్రం నల్లా కింద కడిగేస్తున్నా, ఛార్జింగ్ మూత గట్టిగా నొక్కాకే లెండి. పాతది ఇప్పుడు అలారానికే.