అద్దె ఇంటి ప్యాటియోకి తక్కువ ఖర్చులో దోమతెర ఎలా?

అడిగింది: మియాపూర్ నుంచి, ఇప్పుడు హ్యూస్టన్ దగ్గర కేటీలో

అందరికీ నమస్కారం. ఈ మధ్యే వచ్చాం, అద్దె ఇల్లు. వెనకాల పైకప్పు ఉన్న ప్యాటియో ఉంది, రెండు వైపులా ఇంటి గోడలు, రెండు వైపులా ఖాళీ. సాయంత్రం అయితే దోమల వల్ల ఐదు నిమిషాలు కూర్చోలేం. అమ్మానాన్న వచ్చేలోపు చుట్టూ ఏదైనా కట్టిద్దామని ఒక కాంట్రాక్టర్‌ని అడిగితే వేల డాలర్లు చెప్పాడు. మెష్ అమ్మావాళ్లతో హైదరాబాద్ నుంచి తెప్పించుకుని నేనే కొట్టేసుకోవచ్చా?

జవాబు: నిజాంపేట నుంచి

తమ్ముడూ, అద్దె ఇల్లన్నావు కాబట్టి కాంట్రాక్టర్ సంగతి వదిలెయ్యి. ఓనర్ ఇంటికి నీ డబ్బు పెట్టడం ఒకటి, ఖాళీ చేసేటప్పుడు గోడలో రంధ్రాలు ఉన్నాయని డిపాజిట్‌లో కోత పెట్టించుకోవడం ఇంకొకటి. మేం తిరిగొచ్చేసి చాలాకాలమైంది కానీ అంతకుముందు హ్యూస్టన్‌లోనే ఉన్నాం, అక్కడి దోమలు మన మూసీ పక్క దోమలకి ఏమాత్రం తీసిపోవు.

మెష్ ఇక్కడి నుంచి వద్దు. మన ఫ్లాట్లలో కిటికీలకి వెల్క్రోతో అతికిస్తారే, ఆ నైలాన్ నెట్ టెక్సస్ ఎండకి పెళుసెక్కి పోగులు ఊడిపోతుంది. అక్కడి ఇంటి సామాను షాపులు హోమ్ డిపోలోనో లోస్‌లోనో రోల్స్‌గా అమ్మే ఫైబర్‌గ్లాస్ మెష్ దీనికంటే మన్నుతుంది, ధర కూడా ఎక్కువేం కాదు. సూట్‌కేసులో ఆ చోటు ఆవకాయకి వదిలెయ్యమను. దోమల బ్యాట్, ప్లగ్‌లో పెట్టే మందు మెషిన్ కూడా తేవద్దని చెప్పు, మనవి 230 వోల్టులకి చేసినవి, అక్కడ వచ్చేది 120.

అసలు ముందు తేల్చుకోవాల్సింది నువ్వు ఆపాలనుకుంటున్నది దోమనా, ఎండనా, పక్కింటివాళ్ల చూపునా అని. చాలామంది మూడూ ఒకే తెరతో ఆగుతాయనుకుని సోలార్ మెష్ కొనేస్తారు. అది ఎండని బాగానే ఆపుతుంది కానీ ప్యాటియో చీకటిగా అయిపోతుంది, పైగా రాత్రి లోపల లైటు వేస్తే బయటివాళ్లకి అంతా కనపడుతుంది. మామూలు దోమలకి 18 బై 16 మెష్ చాలు, అంటే అంగుళానికి ఒకవైపు 18 పోగులు, ఇంకోవైపు 16. కంటికి సరిగ్గా ఆనని చిన్న పురుగులు కుడుతుంటే 20 బై 20 తీసుకోవాలి, దాన్ని నో సీ అమ్ మెష్ అంటారు, కాకపోతే గాలి కొంచెం తగ్గుతుంది. ఎండ పడమటి వైపు నుంచి ఒక్కచోటే కొడుతుంటే అక్కడికి మాత్రం ఒక వెదురు చిక్ వేలాడదియ్యి, మన బాల్కనీల్లో కట్టేలాంటిదే, చాలా చవక.

అద్దె ఇంటికి నా లెక్కలో అన్నిటికంటే మంచిది దోమతెర కర్టెన్లు. పైన దూలం పొడవునా స్టీల్ కేబుల్ ఒకటి లాగి, ఒక చివర టర్న్‌బకిల్ (తిప్పితే కేబుల్ బిగిసే మర) పెట్టి బిగించి, పై అంచున రింగు రంధ్రాలున్న నెట్ కర్టెన్లు దానికి తొడగడమే, ఖాళీ చేసేటప్పుడు మడిచి పట్టుకెళ్లిపోవచ్చు. దూలం చెక్కదైతే రెండు చివరలా రెండు కొక్కేలు చాలు, ఆ రెండింటికి కూడా ఓనర్‌కి ఈమెయిల్ పెట్టి ఒప్పుకున్నట్టు రాతలో తీసుకో, ఫోన్లో సరేనంటే సరిపోదు. బిగించి పెట్టే టెన్షన్ రాడ్ గురించి ఎవరైనా చెప్తారు, చిన్న సందుకైతే సరే, పది అడుగుల వెడల్పుకి నడుమ వంగిపోతుంది. కర్టెన్ నేల మీద ఒక అంగుళం పడేంత పొడవు ఉండాలి, కింద మడతలో సన్న గొలుసు వేసి కుట్టించు, లేకపోతే గాలికి లేచి దోమలకి దారి ఇచ్చినట్టే. రెండు కర్టెన్లు కలిసే చోట ఒకదాని మీద ఒకటి ఒక అడుగైనా ఎక్కాలి.

ఓనర్ కొక్కేలకీ ఒప్పుకోకపోతే ప్యాటియోలో పట్టే సైజు స్క్రీన్ టెంట్, అంటే చుట్టూ దోమతెర ఉన్న టెంట్ కొని లోపల నాలుగు కుర్చీలు వేసుకోండి. చూడ్డానికి పెళ్లి పందిరి మూలలా ఉంటుంది, కానీ పని చేస్తుంది.

అన్నిటికంటే ముందు ఈ వారమే ఒక పెద్ద ఫ్యాన్ పెట్టి చూడు. దోమ గట్టి గాలికి ఎదురు ఎగరలేదు, పైగా మన ఊపిరి వాసన పట్టుకుని వస్తుంది కాబట్టి ఆ గాలికి దారి తప్పుతుంది. టేబుల్ కిందకి, కాళ్ల వైపు గాలి తగిలేలా పెట్టాలి. సీలింగ్ ఫ్యాన్ బిగించాలంటే డ్యాంప్ రేటెడ్ (తేమకి తట్టుకునేది) అని రాసి ఉన్నదే తీసుకోవాలి. ఇంకోటి, అమ్మ వచ్చి తులసి కుండీ పెడుతుంది కదా, దాని కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకు. ఆ వేడికి గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు, తెర లోపలే పుట్టిన దోమని ఏ తెర ఆపుతుంది?

జవాబు: దిల్‌సుఖ్‌నగర్ నుంచి, కేటీలోనే

అన్నయ్య చెప్పిన కర్టెన్లే మా ఇంట్లో కూడా, బాగున్నాయి. ఒక్క విషయం కలుపుతాను. కర్టెన్ కింద కొక్కేలు పెడదామనో, చెక్క స్తంభం నిలబెడదామనో నేల కాంక్రీట్‌లో డ్రిల్ పెట్టకండి. ఇక్కడ చాలా ఇళ్లకి పునాది పోస్ట్ టెన్షన్ స్లాబ్, లోపల బిగించి లాగిన స్టీల్ తీగలుంటాయి, డ్రిల్ వాటికి తగిలితే తీగ తెగి ప్రమాదం, రిపేరు ఖర్చు వేరే. కొన్ని ఇళ్లలో గ్యారేజ్ నేల మీద ఆ హెచ్చరిక ముద్ర వేసి ఉంటుంది, చూసుకోండి. లేకపోయినా పెట్టొద్దు.

రేపు సొంత ఇల్లు కొన్నాక ఫ్రేమ్ కట్టుకుంటే మాత్రం ప్రెషర్ ట్రీటెడ్ చెక్కకి, అంటే పుచ్చకుండా మందు ఎక్కించిన చెక్కకి, మామూలు స్టేపుల్స్ కొట్టకండి. ఆ చెక్కలో రాగి మందు ఉంటుంది, ఇనుము తొందరగా తుప్పు పట్టి మెష్ మీద చారలు పడతాయి, స్టెయిన్‌లెస్ వాడండి. అప్పుడు హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) అనుమతి ముందే తెచ్చుకోవాలి, కట్టాక అడిగితే విప్పమంటారు.

తెర వేశాక బొగ్గుల గ్రిల్ లోపల పెట్టకండి, చలికాలంలో కూడా. నెట్ నిప్పురవ్వకే అంటుకుంటుంది, ఇక పొగలో కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది.

మా దగ్గర కేబుల్, ఒక టర్న్‌బకిల్ మిగిలిపోయాయి. దూలం పొడవు కొలిచి ఇక్కడే రాయండి, సరిపోతే శనివారం వచ్చి పట్టుకెళ్లండి.