బురదలో పూడిపోయిన ఓడ సోనార్‌కి ఎలా దొరుకుతుంది?

గవ్వలచిన్నోడు:
మేరీ రోజ్ గురించి చదువుతున్నాను. 1545లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, సోలెంట్ జలసంధిలో మునిగిన యుద్ధనౌక. 1960ల్లో వెతికేనాటికి పైకి ఏమీ కనబడట్లేదు, అంతా బురదే. మరి సోనార్ శబ్దం సముద్రపు నేలకి తగిలి వెనక్కి వచ్చేస్తుంది కదా, లోపలున్నది ఎలా తెలిసింది? సర్వే పని చేసేవాళ్ళు ఎవరైనా చెప్పండి.

సర్వేసూరి:
మీరు అనుకుంటున్నది సైడ్ స్కాన్ అనే రకం సోనార్ అండీ. అది వందల కిలోహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, నేల పైభాగం తప్ప చూపించదు. లోపలికి చూడాలంటే సబ్ బాటమ్ ప్రొఫైలర్ అనే ఇంకో రకం సోనార్ కావాలి. పైప్‌లైన్ సర్వేల్లో మేం రోజూ వాడేది అదే. కొద్ది కిలోహెర్ట్జ్ శబ్దం వదులుతాం. కొంత నేల మీంచే తిరిగొస్తుంది, మిగతాది లోపలికి దిగి, మట్టి మారిన ప్రతిచోటా కాస్త కాస్త తిరిగొస్తుంది. మెత్తటి బురదలో పదుల మీటర్లు దిగుతుంది. గట్టి ఇసుక తగిలితే కొద్ది మీటర్లకే సరి. మట్టిలో గ్యాస్ బుడగలుంటే ఆ కింద ఏముందో దేవుడికే తెలియాలి.

మేరీ రోజ్ విషయంలో దాన్ని వెతికిన అలెగ్జాండర్ మెకీ బృందానికి ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ సోనార్లు సాయపడ్డాయి. బురద కింద ఏదో ఉందని సోనార్ రికార్డులో పడింది. అంతే, అది ఓడేనని రికార్డు చెప్పదు. 1971లో డైవర్లు కర్రలు కళ్ళారా చూశాకే ఖాయమైంది.

లంగరు:
సూరి గారూ, నాలుగొందల ఏళ్ళు నానిన కర్రకీ బురదకీ తేడా తెలుస్తుందా?

సర్వేసూరి:
తెలుస్తుంది. ఇంగ్లండ్ రాజు ఐదో హెన్రీ కట్టించిన గ్రేస్ డ్యూ అనే ఓడ 1439లో కాలిపోయింది. దాని అడుగుభాగం హాంబుల్ నది బురదలో ఉంది. సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్ళు త్రీడీ చిర్ప్ సోనార్‌తో (అదీ ఒక రకం సబ్ బాటమ్ ప్రొఫైలరే) దాని ఆకారం గీశారు. పాడైన కర్ర నుంచి వచ్చే ప్రతిధ్వని తరంగం తలకిందులుగా ఉంటుంది, అదే గుర్తు.

ఒక సంగతి. మామూలు ప్రొఫైలర్ పడవ కింద సన్నటి పట్టీ మాత్రమే చూస్తుంది. పడవ తిరిగిన లైన్ల మధ్య బోలెడు ఖాళీ వదిలి "ఇక్కడ పూడినవేమీ లేవు" అని రిపోర్ట్ రాసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

గవ్వలచిన్నోడు:
థాంక్యూ అన్నా. ఫిరంగుల కోసమైతే అయస్కాంత క్షేత్రంలో తేడాలు పట్టే మ్యాగ్నెటోమీటర్ చాలదా?

సర్వేసూరి:
ఇనుపవైతే ప్రొఫైలర్, మ్యాగ్నెటోమీటర్ రెండూ కలిపి పడవ వెనక లాగండి, బాగా పనికొస్తుంది. మేరీ రోజ్ మీద కంచు ఫిరంగులు కూడా ఉన్నాయి, కంచు మ్యాగ్నెటోమీటర్‌కి చిక్కదు.