అప్‌డేట్: నాన్నగారి పుస్తకాల అమ్మకం ఎక్కడిదాకా వచ్చిందంటే

నాన్నగారు పాత పుస్తకాల అంగళ్లుండే మూర్ మార్కెట్ రోజుల నుంచి చెన్నైలో కూడబెట్టిన పాత పుస్తకాలు, సినిమా పాటల పుస్తకాలు ఎలా అమ్మాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ నమస్కారాలు.

ఒక వ్యాపారి అన్నీ కలిపి టోకున ఇచ్చేయమన్నారు. మనసొప్పలేదు. విడివిడిగా చూపిస్తే పాత ప్రచురణకర్తలు వావిళ్ల వారి ముద్రణలకూ, 1947 నాటి చందమామలకూ అడిగి మరీ కొనేవాళ్లు దొరికారు. అసలు అట్టలున్న సంచికలకే మంచి ధర. బైండింగులో అట్టలు పోయినవి అడిగేవాళ్లు తక్కువ. నాన్నగారు మార్జిన్లలో నోట్సు రాసుకున్నవి మాత్రం నేనే ఉంచుకున్నాను.

పుస్తకాలతో పాటు ఉన్న తాళపత్రాలు (తాటాకు రాతప్రతులు) అమ్మలేదు. 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం పురావస్తువులే. ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. అమెరికా నుంచి అడిగినవారికి అదే చెప్పాను. ఇక్కడి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి ఇద్దామంది అమ్మ. అదే సరైన పని.

పాటల పుస్తకాలు ఇంకా ఉన్నాయి, కావలసినవారు అడగండి.